ఆఖరి ముద్ద ఎవరిది

“ఆ కీమా మిషను సంగతి చెప్పమ్మా,” అన్నాడు డిటెక్టివ్.

బల్లకి అవతల కూర్చున్న కోడలు తలెత్తి చూసింది. స్టేషన్లో అందరూ ఆమెని అడుగుతున్నది ఒక్కటే, మామగారికి విషం ఎందుకు పెట్టావని. మిషను గురించి అడిగినవాడు ఈయనొక్కడే.

గోడకి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్‌కి నవ్వాగలేదు. “ముక్కుగారూ, నాలుగింటికి ఈవిడని కోర్టులో నిలబెట్టాలి. మీకు కాస్త టైమిచ్చింది వంటలు నేర్చుకోడానికి కాదు.”

“నాకు వంట వచ్చండీ. మా ఇంట్లో పొయ్యి నాదే,” అంటూ డిటెక్టివ్ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గట్టిగా చీదాడు.

ఆ పేరు పెట్టింది ఈ స్టేషనువాళ్ళే. ఇన్‌స్పెక్టర్ మూసేసిన రెండు కేసుల్ని వాసన పట్టి తిరగదోడాడు గనక ఎదురుగా ఉంటే ముక్కుగారు, వీపు తిప్పితే ఉత్త ముక్కు. తిరగదోడిన సంగతి పేపర్లో పడ్డప్పటినుంచీ ఇన్‌స్పెక్టర్‌కి ఈయన పొడ గిట్టదు. ఇవాళ ఆ ముక్కు కాస్తా జలుబుతో మూసుకుపోయి కూర్చుంది. అవసరానికి అక్కరకు రాని చుట్టం లాంటిదే అదీను.

కేసు చూడబోతే చిన్నదే. మొన్న మధ్యాహ్నం ఆ ఇంట్లో ముగ్గురు భోంచేశారు. ముసలాయన, ఆయన కోడలు, మేడ మీద గదిలో బట్టలు కుట్టుకునే ఆయన కూతురు. కొడుకు రైలు గార్డు, డ్యూటీలో ఉన్నాడు. కీమా ఉండలు ముగ్గురికీ ఒకే గిన్నెలోంచి వచ్చాయి. ముసలాయన ఒక్కడే పోయాడు. గిన్నెలో విషం లేదనీ, ఆయన కంచంలో మిగిలిన పలుకుల్లో ఉందనీ ల్యాబ్ తేల్చింది. వండింది కోడలు, వడ్డించింది కోడలు. ఇంకేం కావాలి? భార్య అలాంటిది కాదని గార్డు వచ్చి కాళ్ళావేళ్ళా పడితే డిటెక్టివ్ ఇక్కడికి వచ్చాడు.

“మిషను మధ్యలో ఆగిందట కదా. మీ పక్కింటావిడ విన్నదట.”

“ఆగలేదండీ, నేనే ఆపాను. పోగులు పోగులుగా రావాల్సింది ముద్దలా వచ్చింది. మోటారు మూలుగుతోంది. అలా మూలిగినప్పుడు బలవంతాన తొయ్యకూడదు. ప్లగ్గు తీసేసి విప్పి చూస్తే కత్తికి నరం చుట్టుకుని ఉంది. దాన్ని లాగేసి, మాంసాన్ని కాసేపు ఫ్రీజర్లో పెట్టి, గట్టిపడ్డాక మళ్ళీ వేశాను.”

“కత్తి తిరగబడిందేమో అని చూసుకోలేదా?”

ఆ మాటకి ఆమె ముఖంలో కొంచెం ప్రాణం వచ్చింది. “కొత్తలో అలాగే పెట్టేదాన్నండీ. రెక్కల చదునువైపు చిల్లుల బిళ్ళకి ఆనుకోవాలి. తిరగేస్తే కొయ్యదు, నలిపేస్తుంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని కూడా పెట్టగలను.”

“నేనూ తిరగేసి పెట్టినవాణ్ణే. మా ఆవిడ ఆ ముద్ద తినలేక ఇప్పటికీ ఎత్తి పొడుస్తుంది.”

“చాలు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చి. “ఆపానని తనే ఒప్పుకుంది. విప్పింది, విషం వేసింది, బిగించింది. మొత్తానికి మీరు నా పని సులువు చేశారు.”

“పప్పులో కాలేశారు. మళ్ళీ బిగించాక ఎంత మాంసం వేశావమ్మా?”

“సగానికి పైనే.”

“ఆ సగమూ అదే గొట్టంలో దిగి, అదే కత్తి మీదుగా, అవే చిల్లుల్లోంచి గిన్నెలో పడింది. నడిమధ్యలో విషం వేస్తే తర్వాత వచ్చినదానికంతా అంటుకోవాలి కదా. గిన్నె శుభ్రంగా ఉందని చెప్పింది మీ ల్యాబే.”

“అయితే కంచంలోనే కలిపింది.”

“కలిపి ఉండొచ్చు. లేదా మిషనులో అన్నిటికన్నా చివర వెళ్ళిన దాంట్లో ఉండొచ్చు. దాని వెనక ఇంకేమీ రాదు, కాబట్టి దేనికీ అంటదు.” డిటెక్టివ్ కోడలి వైపు తిరిగాడు. “చివర్న ఏం వేస్తావమ్మా?”

ఇంతసేపూ గడగడా చెప్పిన మనిషి నీళ్ళు నమలడం మొదలుపెట్టింది.

“ఎండిన బ్రెడ్డుముక్కండీ,” అంది చివరికి. “లోపల తిరిగే స్క్రూ కడ్డీ చుట్టూ పిడికెడు మాంసం మిగిలిపోతుంది. బ్రెడ్డు వేస్తే దాన్ని తోసేస్తుంది. కొవ్వు కూడా పీల్చేస్తుంది గనక కడగడం తేలిక. బ్రెడ్డుకి ఆ చివరా ఈ చివరా గట్టి ముక్కలుంటాయి కదా, ఎవరూ తినరు. వాటిని ఎండబెట్టి ఫ్రిజ్ మీద డబ్బాలో పెడతాను. మొన్న రెండున్నాయి, ఒకటి వాడాను.”

“బ్రెడ్డుతో బయటికొచ్చిన ఆ పిడికెడూ ఏం చేస్తావు?”

ఆమె చేతివేళ్ళు చూసుకుంది. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. డిటెక్టివ్ మాత్రం కదల్లేదు.

“మిగతాదాంట్లో కలపనండీ, ఉండలు విరిగిపోతాయి. విడిగా ఒక్క ముద్ద చేసి ఆఖర్న వేయిస్తాను. అది నేనే తింటాను. పొయ్యి దగ్గర నిలబడే తినేస్తాను.”

“మొన్న కూడా నువ్వే తిన్నావా?”

ఆమె కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. “మామయ్య కట్టుడుపళ్ళు విరిగితే బాగు చెయ్యడానికిచ్చాం. ఉండలు గట్టిగా ఉంటాయి, పాపం ఆయన నమల్లేరు. నాది మెత్తగా ఉంటుంది కదా అని ఆయన కంచంలో వేశాను. మిషను గోకిన అడుగూబొడుగూ మామగారికి పెట్టిందంటే నలుగురూ ఏమనుకుంటారోనని నోరు విప్పలేదండీ. ఇంకేమీ దాచలేదు.”

ఉరికంబం ఎదురుగా పెట్టుకుని కూడా ఈ పిల్ల పరువు గురించే బాధపడింది. డిటెక్టివ్‌కి జాలీ కోపమూ రెండూ కలిగాయి. తను చెప్పినదానికి అర్థం ఏమిటో ఆమెకింకా తట్టలేదు.

“ఆ ముద్ద ఎప్పుడూ నువ్వే తింటావని ఎవరెవరికి తెలుసమ్మా?”

“ఇంట్లో అందరికీ తెలుసండీ. మిషను నైవేద్యం నాకేనని ఆటపట్టిస్తారు కూడా.”

“అయితే విను. విషం ఆ బ్రెడ్డులో ఉంటే, పోవాల్సింది మీ మామగారు కాదు.”

కోడలు ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. రెండు చేతులూ బల్ల మీంచి జారి ఒళ్ళో పడ్డాయి.

“బాగుంది కథ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ముద్దాయిని కాస్తా పట్టుకెళ్ళి బాధితురాలి కుర్చీలో కూర్చోబెట్టారు. ఇవన్నీ ఈవిడ నోటిమాటలు. బ్రెడ్డు ఏదీ? ముసలాయన కడుపులో ఉంది. నా చెవిలో పువ్వు పెట్టకండి.”

“మిషను కడిగావా అమ్మా?”

“లేదండీ. తిన్నాక కడుగుదామని గట్టు మీద అలాగే వదిలేశాను. ఈలోపే మామయ్య కుర్చీలోంచి ఒరిగిపోయారు. నేను ఆయన వెంట ఆస్పత్రికెళ్ళాను. అక్కణ్ణించి నేరుగా ఇక్కడికే తీసుకొచ్చారు.”

“అయితే చిల్లుల్లో బ్రెడ్డు తునకలుంటాయి. మీరు మిషను తేలేదు కదూ?”

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. “గిన్నె, కంచం తెచ్చాం. ఆ మిషను మోత బరువు.”

“న్యాయానికి కూడా కాస్త బరువుంటుంది లెండి.”

“మాటలు తగ్గించండి. నాలుగింటిలోపల ఏదైనా తెస్తే చూస్తాను. లేకపోతే ఈవిడ కోర్టుకి, మీరు ఇంటికి.”

గార్డు గడ్డం మాసి, డ్యూటీ బట్టల్లోనే స్టేషను బయట నిలబడి ఉన్నాడు. ఇల్లు రెండు వీధుల అవతలే. నడుస్తుండగా డిటెక్టివ్ అడిగినవాటికల్లా తడుముకోకుండా జవాబిచ్చాడు. తల్లి చిన్నప్పుడే పోతే తనని పెంచింది అక్కే. పెళ్ళి చేసుకోకుండా ఈ ఇంటినే పట్టుకుని ఉండిపోయింది. ఊళ్ళో అందరికీ ఆవిడ టైలరమ్మ. తనకి వేరే ఊరికి బదిలీ అయింది, నెలాఖరుకి వెళ్ళాలి. నాన్న కూడా వస్తానన్నాడు.

“మీ అక్కయ్యగారు?”

“ఆవిడ రానంది. నన్నొక్కణ్ణే వెళ్ళి వస్తూపోతూ ఉండమంది. మా ఆవిడే, కాపురమన్నాక అందరం ఒకచోటే ఉండాలని పట్టుబట్టింది. అందులో తప్పేముంది సార్?”

డిటెక్టివ్ ఏ తప్పూ లేదన్నాడు. ఆయన మనసు మిషను మీద ఉంది.

ముందుగదిలో టైలరమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న అట్టపెట్టె. వీళ్ళని చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ కూలబడింది.

“పొద్దున తెచ్చిచ్చారు బాబూ,” అంది పెట్టె మూత తీసి చూపిస్తూ. లోపల దూదిలో ముసలాయన కట్టుడుపళ్ళు, కొత్తగా అతికించినవి, ఎవరినో చూసి నవ్వుతున్నట్టు ఉన్నాయి. “ఒక్క రెండ్రోజులు పాలు తాగి ఊరుకుని ఉంటే సరిపోయేది కదా నాన్నా. రెండ్రోజులు ఓపిక పట్టలేకపోయావా.”

పెట్టెని గుండెకి అదుముకుంది. ఏడ్చింది. డిటెక్టివ్ తన వృత్తిలో చాలా ఏడుపులు చూశాడు. కొంగు చాటు ఏడుపులు, సాక్షుల కోసం ఏడ్చేవి, ఉల్లిపాయ సాయంతో వచ్చేవి. ఇది వాటిలో ఏదీ కాదు. కడుపులోంచి తన్నుకొచ్చిన దుఃఖం. తండ్రిని చంపుకున్న కూతురు ఇలా ఏడవదని ఆయన అక్కడికక్కడే తేల్చేసుకున్నాడు. ముక్కు పని చెయ్యని రోజున కళ్ళని నమ్మాడు పాపం.

వంటింట్లో అడుగుపెట్టగానే ఆయన ఆగిపోయాడు. గట్టు మీద మిషను తళతళా మెరుస్తోంది.

“ఎవరు కడిగారిది?”

“ఎవరో బాబూ, ఇంటినిండా జనం,” అంది టైలరమ్మ గుమ్మంలోంచి కళ్ళు తుడుచుకుంటూ. “పక్కింటావిడ గిన్నెలు కడిగింది. ఇదీ ఆవిడే కడిగిందేమో.”

డిటెక్టివ్ పిట్టగోడ మీంచి పక్కింటావిడని పిలిచి అడిగాడు. గిన్నెలు తోమిన మాట నిజమేననీ, ఆ ఇనప భూతం జోలికి పోలేదనీ, దాన్ని ఎటునుంచి విప్పాలో కూడా తనకి తెలీదనీ ఆవిడ ఒట్టేసి చెప్పింది.

ఆయన తిరిగొచ్చి ఫ్రిజ్ మీద డబ్బా దించాడు. మూత తీస్తే ఖాళీ. నాలుగు పొడి రేణువులు తప్ప ఏమీ లేదు. కోడలు రెండున్నాయంది, ఒకటి వాడానంది. ఆమె ఏ ముక్క చేతికి తీసుకుంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కాబట్టి పెట్టినవాళ్ళు రెండు ముక్కలకీ విషం పట్టించి ఉంటారు. ఆ రెండోది ఇప్పుడీ ఇంట్లో ఎక్కడుందో, ఎవరి కోసం ఉందో. డిటెక్టివ్ డబ్బాని జాగ్రత్తగా రుమాల్లో చుట్టి స్టేషనుకి ఫోన్ చేశాడు.

“మిషను కడిగేశారు,” అన్నాడు.

“అనుకున్నాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ సంబరంగా. “ఇంటికెళ్ళి ఆవిరి పట్టుకోండి.”

“ఒక్క ప్రశ్న. మీ ముద్దాయి ఆస్పత్రి నుంచి నేరుగా మీ దగ్గరికే వచ్చింది. మురికిగా వదిలేసి వెళ్ళిన మిషనుని ఆమె మీ లాకప్పులోంచి చెయ్యి చాచి కడిగిందా?”

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

“గిన్నెలు కడిగినావిడ దాన్ని ముట్టుకోలేదట. బ్రెడ్డు డబ్బా కూడా ఖాళీ చేశారు. మిషనులో ఏమీ లేకపోతే దాన్ని అంత శ్రద్ధగా కడగాల్సిన అవసరం ఎవరికుంది? కోర్టులో ఈ మాట ముందు నేను అడగనా, మీరే చెప్తారా?”

ఇన్‌స్పెక్టర్ లెక్కలు వేసుకున్నాడు. గర్విష్ఠే గానీ మూర్ఖుడు కాదు. “ఇంకా అరెస్టు చూపించలేదు లెండి,” అన్నాడు చివరికి గొంతు తగ్గించి. “ఊళ్ళోనే ఉంటుందని ఇంటివాళ్ళెవరైనా వచ్చి సంతకం పెడితే పంపిస్తాను. మీరు గెలిచారని మాత్రం అనుకోకండి.”

డిటెక్టివ్ అనుకున్నాడు. పొంగిపోయాడు కూడా. ఆ ఉత్సాహంలోనే గుమ్మంలో నిలబడ్డ టైలరమ్మతో చెప్పేశాడు. “దిగులు పడకండమ్మా. మీ మరదలికి ఏ పాపం తెలీదు. ఆ విషం మీ నాన్నగారికి పెట్టింది కాదు. ఆ అమ్మాయికి పెట్టింది. తను తినాల్సిన ముద్ద ఆయనకిచ్చింది, అంతే.”

టైలరమ్మ కొంగుతో ముఖం మరోసారి తుడుచుకుంది.

“ఆ పిల్ల చెప్పిందా?” అంది.

“అంతా చెప్పింది. సంతకం పెట్టి తీసుకురావడమే మిగిలింది.”

“నేను వెళ్తాను,” అంది వెంటనే. “తమ్ముడు మీకు తోడుంటాడు. పాపం ఎన్ని పూటలైందో అది ఏమన్నా తిని. చేతిలో ఏదన్నా పట్టుకెళ్తాను.”

మేడ మీదికెళ్ళి వచ్చి, ఫ్రిజ్‌లో పాలు తీసుకుని, స్టీలు డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. తండ్రి పోయిన దుఃఖంలో కూడా మరదలి ఆకలి గుర్తుపెట్టుకున్న ఆవిడని చూసి డిటెక్టివ్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. జలుబు వల్ల కొంత, అభిమానం వల్ల కొంత.

తర్వాత తీరిగ్గా మిషను ముందు కూర్చున్నాడు.

రింగు విప్పడానికి గార్డు సాయం కావలసి వచ్చింది, అంత బిగించారు. చిల్లుల బిళ్ళ ఊడొచ్చింది. దాని వెనక, కత్తికీ బిళ్ళకీ నడుమ, మడత పెట్టిన చిన్న గుడ్డపీలిక ఒకటి ఉంది. లేత నీలం రంగు కొత్త గుడ్డ, కత్తెరతో తిన్నగా కత్తిరించింది. దాని కింద కత్తి తిరగబడి ఉంది, చదునువైపు లోపలికి.

డిటెక్టివ్ వాటిని వరసగా పళ్ళెంలో పేర్చాడు. ఇంటి కోడలు కళ్ళు మూసుకుని పెట్టే కత్తిని ఈ చేయి తప్పు పెట్టింది. కాబట్టి ఈ చేతికి మాంసం మిషను కొత్త. అయితే ఇంకో సంగతి. ఇది ఉత్త ఇనుము. తడిగా వదిలేస్తే ఒక్క పూటలో తుప్పు పూస్తుంది, ఆ బాధ ఆయనకి బాగా తెలుసు. మొన్నటి నుంచీ ఇలాగే ఉన్నా ఎక్కడా ఎర్రచుక్క లేదు. స్క్రూ కడ్డీ మీద వేలితో రాశాడు. నూనె. తుడిచి, ఆరబెట్టి, మూలమూలకీ నూనె పట్టించారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, విషం కడుక్కుంటూ కూడా, ఇనుముని తడిగా వదిలేయడానికి ఈ చేతికి మనసొప్పలేదు. ఇనుము తెలిసిన చేయి, మాంసం తెలియని చేయి.

ఆయన చూపు మెల్లగా గార్డు మీదికి వెళ్ళింది. రైళ్ళ మధ్య బతికే మనిషి. మొన్న సాయంత్రమే ఇంటికొచ్చాడు. మిషనుకి నూనె వెయ్యాలని తెలిసినవాడు. తనని పిలిచి భార్యని కాపాడమన్నవాడే కావచ్చు, అలాంటివాళ్ళని కూడా చూశాడు.

“మీ ఆవిడ దీనికి ఏ నూనె రాస్తుంది?”

“వంటనూనే సార్. నోట్లోకి వెళ్ళేది కదా.”

డిటెక్టివ్ రెండు వేళ్ళు రుద్ది చూసుకున్నాడు. వంటనూనె జిడ్డుగా అంటుకుంటుంది. ఇది నీళ్ళలా జారిపోతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏముంది, గోడకి ముక్కు ఆనించినట్టే. తన దురదృష్టాన్ని తిట్టుకుని నూనె పీల్చిన ఆ గుడ్డపీలికని గార్డు చేతికిచ్చాడు. కళ్ళు మాత్రం అతని ముఖం మీంచి తియ్యలేదు.

“వాసన చూసి ఏమిటో చెప్పు.”

గార్డు చూశాడు. దొంగ అయితే తెలీదనాలి, లేదా తడబడాలి. అతను తడబడలేదు. పైగా ఇవాళ మొదటిసారి అతని ముఖం మెత్తబడింది.

“ఇది అక్క గదిలో వాసన సార్. చిన్నప్పుడు మిషను చక్రం పక్కనే పడుకునేవాణ్ణి. కుట్టుమిషను నూనె ఇది.”

చెప్పేశాక అతనికి తన మాట తనకే వినిపించింది. ముఖంలో మెత్తదనం అలాగే గడ్డకట్టింది.

డిటెక్టివ్ అప్పటికే మెట్లెక్కుతున్నాడు.

గది తలుపు దగ్గరగా వేసి ఉంది. కిటికీ పక్కన కుట్టుమిషను, బల్ల మీద సగం కుట్టిన లేత నీలం జాకెట్లు. మిషనుకి నూనె వేసి వదిలేసి ఉంది. సూది కింద గుడ్డని నొక్కిపట్టే ఇనప పాదం కిందికి దించి ఉంది. దాని కింద మడత పెట్టిన నీలం పీలిక, ఎక్కువైన నూనెని పీల్చుకోవడానికి. అలా పెట్టకపోతే మర్నాడు కుట్టే బట్టకి మరకవుతుంది. ప్రతి దర్జీ చేసే పనే. ఏళ్ళ తరబడి చేసి చేసి, ఆవిడ చేతులు కింద వంటింట్లో కూడా అదే పని చేసుకుపోయాయి.

“ఎప్పుడు నూనె వేసినా ఇలాగే పెడుతుంది,” అన్నాడు వెనక నుంచి గార్డు. “ఎందుకు సార్? అక్క ఎందుకు చేస్తుంది?”

“నువ్వు నెలాఖరుకి వెళ్ళిపోతున్నావు. నాన్నని కూడా తీసుకెళ్తున్నావు. పట్టుబట్టింది నీ భార్య,” అన్నాడు డిటెక్టివ్. ఆయన చెవుల్లో ఇంకో మాట తిరుగుతోంది. రెండ్రోజులు పాలు తాగి ఊరుకుని ఉంటే సరిపోయేది. తండ్రి చావుకీ ఆ విరిగిన పళ్ళకీ సంబంధం ఉందని ఆ క్షణానికి తెలిసినవాళ్ళు స్టేషన్లో ముగ్గురే. టైలరమ్మకి ఎవరు చెప్పారు? ఆవిడ ఏడుపు నిజమే. తండ్రిని చేజేతులా చంపుకున్నందుకు ఏడ్చింది. అందుకే అంత నిజంగా ఉంది.

బల్ల మీద, కత్తెర పక్కన, పొడి బ్రెడ్డు రేణువులు రాలి ఉన్నాయి. రెండో ముక్క ఈ గదిలో దాచింది. ఇప్పుడు లేదు.

డిటెక్టివ్ కిందికి పరిగెత్తి స్టేషనుకి ఫోన్ చేశాడు, అక్కడ అది మోగుతూనే ఉంది. మోగి మోగి చివరికి ఎత్తాడు ఇన్‌స్పెక్టర్.

“ముక్కుగారా? మీకు నూరేళ్ళు. ఇప్పుడే అనుకుంటున్నాం. సంతకం పెట్టేసింది ఆవిడ. మీ పిల్లకి కాళ్ళు వణికి నిలబడలేకపోతుంటే, ముందు ఏదన్నా తిని వెళ్ళండని నేనే నా గదిలో కూర్చోబెట్టాను. నేనూ మరీ రాక్షసుణ్ణేం కాదండీ.”

“ఏం తెచ్చిందావిడ?”

“ఏదో పాలల్లో నానేసిన బ్రెడ్డు. గొంతు దిగుతుందని. స్పూనుతో తనే తినిపిస్తోంది. మీరు చూడాల్సింది.”

డిటెక్టివ్‌కి మొత్తం కళ్ళముందు కనబడింది. విడుదలైన కోడలు స్టేషన్లోనే కుప్పకూలుతుంది. మామని చంపిన పాపానికి తనే విషం తిందని ఊరంతా నమ్ముతుంది. ఇన్‌స్పెక్టర్ అందరికన్నా ముందు నమ్ముతాడు. ఆమెని విడిపించి వదిన చేతిలో పెట్టింది తను.

“ఆపండి,” అని అరిచాడు. “ఆ బ్రెడ్డే అది. విషం పెట్టింది టైలరమ్మే. ఆపండి.”

అవతల రిసీవరు బల్ల మీద దబ్బున పడింది. కుర్చీ పడింది, బూట్లు పరిగెత్తాయి. ఆ చప్పుళ్ళ వెనక, లోపలి గదిలోంచి, కోడలి గొంతు సన్నగా తీగలోకి వచ్చింది. నీరసంగా ఉన్నా ప్రేమగా ఉంది.

“మీరూ పస్తే కదా వదినా. మీరు తినకుండా నేనొక్కదాన్నే ఎలా తింటాను? ఈ ముద్ద మీరు తినండి.”

వదిన ఏమీ అనలేదు. పక్కనే గార్డు గోడ పట్టుకుని నిలబడ్డాడు, ఫోను వైపు చూస్తూ. తనని పెంచిన మనిషీ తను కట్టుకున్న మనిషీ ఒకే గిన్నె ముందు కూర్చుని ఉన్నారని అతనికి అర్థమైంది.

నేల మీద స్పూను పడ్డ చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇన్‌స్పెక్టర్ కేక, డాక్టర్ని పిలవమని.

“ఎవరు తిన్నారు సార్?” అన్నాడు గార్డు.

డిటెక్టివ్ ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. లోపలి గదిలో ఒక ఆడగొంతు ఏడుస్తోంది. అది ఎవరి గొంతో ఇంత దూరాన్నించి పోల్చుకోలేకపోయాడు.